సంబంధం కుదరని 72 రోజులు

ఇంగ్లండ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్ మేనేజర్ పదవి ఖాళీ అయినప్పుడు దాన్ని భర్తీ చేసే అధికారం యజమానులకు ఉంటుంది, ఆ భర్తీతో బాగుపడే అవకాశమో దెబ్బతినే ప్రమాదమో ఆటగాళ్ళకు ఉంటుంది, ఈ రెండూ లేని అభిమానులకు మాత్రం కొత్త మనిషి పేరు తేలేదాకా కంటి మీద కునుకు ఉండదు. మైదానంలో ఓడిపోయినప్పుడు కలిగే బాధకు తొంభై నిమిషాల హద్దు ఉంది, వారం తిరిగేసరికి ఇంకో ఆట ఉందన్న ఊరట కూడా ఉంది. మేనేజర్ కోసం సాగే వెతుకులాటకు అటువంటి హద్దు లేదు, ఎవరు ముందున్నారో చూపించే స్కోరుబోర్డు లేదు, అరిచి ఉత్సాహపరచడానికి ఎదురుగా జట్టు కూడా ఉండదు. ఆట లేని రోజుల్లో పుట్టే ఈ ఆదుర్దా ఎంత లోతైనదో తెలుసుకోవడానికి లండన్ నగరపు ఉత్తర భాగంలోని టోటెన్‌హామ్ హాట్‌స్పర్ అనే క్లబ్, 2021 వేసవిలో 72 రోజులపాటు జరిపిన అన్వేషణను మించిన ఉదాహరణ ఇటీవలి కాలంలో దొరకదు.

‘మేనేజర్’ అన్న మాట తెలుగు శ్రోతలను కొంత తికమక పెట్టవచ్చు. క్రికెట్ వార్తల్లో జట్టు మేనేజర్ అంటే ప్రయాణాలు, బస, అనుమతి పత్రాలు చూసుకునే అధికారి. ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే అందుకు పూర్తిగా భిన్నంగా, ఎవరు ఆడాలో ఎంచేవాడు, ఎలా ఆడాలో నేర్పేవాడు, ఆట మధ్యలో ఎవరిని దించి ఎవరిని పంపాలో నిర్ణయించేవాడు, ఓడిన రాత్రి పత్రికలవారి ముందు కూర్చుని సంజాయిషీ చెప్పుకునేవాడు. హైదరాబాద్‌కు ఈ రకం మనిషి కొత్త కాదు. వృత్తిరీత్యా బడిపంతులైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపి, భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకానికి నడిపించి, 1963లో కేన్సర్‌తో కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి ఆ తరవాత ఇంతవరకు మరో స్వర్ణం రాలేదు. ఒక్క మనిషి చేతిలో జట్టు భవితవ్యం ఉంటుందన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో అర్థం చేసుకోవడానికి లండన్ దాకా వెళ్ళనవసరం లేదన్నమాట. ఆ నమ్మకం ఎంతవరకు నిజమన్నది వేరే ప్రశ్న. దాని సంగతి ముందుముందు వస్తుంది.

టోటెన్‌హామ్ 1882లో పుట్టింది. బిల్ నికల్సన్ మేనేజర్‌గా ఉన్న 1960-61 సీజన్‌లో లీగ్ టైటిల్‌నూ, ఎఫ్.ఎ. కప్‌నూ ఒకే ఏడాది గెలిచి, ఇరవయ్యో శతాబ్దంలో ఆ జంట విజయం సాధించిన మొదటి క్లబ్‌గా చరిత్రకెక్కింది. సాహసించడమే సాధించడం అన్న అర్థం వచ్చే లాటిన్ వాక్యం దాని ధ్యేయం. గెలుపు ఒక్కటే చాలదని, ఆట చూడముచ్చటగా ఉండాలని, భయపడి వెనక్కి నక్కి గెలిచే గెలుపు గెలుపే కాదని తాతల నుంచి మనవల దాకా అక్కడి అభిమానులు చెప్పుకుంటారు. 1961 తరవాత మరో లీగ్ టైటిల్ రాలేదన్న విషయాన్ని ఆ గర్వం పక్కనే పెట్టి చూస్తే ఈ క్లబ్ అభిమాని మనఃస్థితి బోధపడుతుంది. 2008లో లీగ్ కప్ గెలిచాక, 2021 నాటికి పదమూడేళ్ళుగా ఏ కప్పూ చేతికి రాలేదు. 2019 ఏప్రిల్‌లో వంద కోట్ల పౌండ్ల మేరకు ఖర్చుతో 62 వేల మందికి పైగా పట్టే కొత్త స్టేడియం సిద్ధమైంది. అదే ఏడాది జూన్ 1న జట్టు మాడ్రిడ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడి, లివర్‌పూల్ చేతిలో 2-0తో ఓడింది. యూరప్ దేశాల మేటి క్లబ్‌ల మధ్య జరిగే ఆ పోటీలో అంత దూరం తీసుకువెళ్ళిన మేనేజర్ మౌరీసియో పొచెటీనోకు ఆరు నెలలు తిరక్కుండానే ఉద్వాసన పలికి, మరునాడే జోసె మొరీన్యోను తెచ్చారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత ఈ క్లబ్ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

అసలు కథ 2021 ఏప్రిల్ 18, ఆదివారం నాడు మొదలైందనడం సబబు. ఆ రాత్రి యూరప్‌లోని పన్నెండు పెద్ద క్లబ్‌లు, తమలో తాము ఆడుకునే ‘సూపర్ లీగ్’ అనే కొత్త పోటీని ప్రకటించాయి. గెలుపోటములతో నిమిత్తం లేకుండా స్థాపక సభ్యులకు శాశ్వత స్థానం కట్టబెట్టే ఆ ఏర్పాటులో టోటెన్‌హామ్ కూడా చేరింది. అభిమానులను మాటమాత్రంగానైనా అడగలేదు. మరునాడు సోమవారం, ఆ ఆగ్రహం ఇంకా చల్లారకముందే, మొరీన్యోను తొలగించినట్లు వార్త వచ్చింది. ఇంకో ఆరు రోజుల్లో వెంబ్లీలో మాంచెస్టర్ సిటీతో లీగ్ కప్ ఫైనల్ ఉంది. కప్పుల మీద కప్పులు గెలిచిన చరిత్ర ఉన్న మేనేజర్‌ను, కప్పు కోసమే తెచ్చుకున్న మేనేజర్‌ను, కప్పు ఫైనల్‌కు ఆరు రోజుల ముందు పంపించివేసిన క్లబ్ మరొకటి ఉంటుందా అని అభిమానులు ముక్కున వేలేసుకున్నారు. మంగళవారానికి ఇంగ్లండ్ క్లబ్‌లన్నీ సూపర్ లీగ్ నుంచి తప్పుకున్నాయి.

తాత్కాలిక మేనేజర్‌గా వచ్చిన రయన్ మేసన్‌కు అప్పటికి 29 ఏళ్ళు. ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ చరిత్రలో అంత చిన్న వయసులో ఆ బాధ్యత మోసినవారు లేరు. 2017 జనవరిలో ఆటలో తలకు తగిలిన దెబ్బకు పుర్రె ఎముక చిట్లి, మరుసటి ఏడాది ఆట నుంచి తప్పుకోవలసి వచ్చిన యువకుడతను. ఈ క్లబ్ అకాడమీలోనే పెరిగినవాడు. తాత్కాలిక మేనేజర్ అంటే కొత్తవాడు దొరికేదాకా పగ్గాలు పట్టుకునే మనిషి. అతను గెలిస్తే అభిమానికి ఇతన్నే ఉంచితే పోదా అన్న ఆశ, ఓడితే ఇంకా ఎన్నాళ్ళన్న విసుగు కలుగుతాయి. ఏప్రిల్ 25న ఫైనల్‌లో సిటీ 1-0తో గెలిచింది. సీజన్ ముగిసేసరికి టోటెన్‌హామ్‌కు దక్కినది ఏడో స్థానం, దాంతోపాటు యూరప్ పోటీల్లో అన్నిటికన్నా కింది మెట్టైన కాన్ఫరెన్స్ లీగ్. ఆ సీజన్‌లో లీగ్ మొత్తం మీద అత్యధికంగా 23 గోల్స్ కొట్టి, 14 గోల్స్ కొట్టించిన హారీ కేన్ క్లబ్ వదిలి వెళ్ళాలనుకుంటున్నాడన్న మాట మే నెలలోనే బయటికి పొక్కింది.

అన్వేషణ సాగిన తీరును తెలుగు శ్రోతలకు చెప్పాలంటే పెళ్ళి సంబంధాల వ్యవహారాన్ని మించిన పోలిక లేదు, ఒక్క తేడాతో. తెలుగింట సంబంధం మాట్లాడుతున్నప్పుడు తాంబూలాలు పుచ్చుకునేదాకా విషయం గుట్టుగా ఉంచుతారు, ఎందుకంటే కాదని పోయిన సంబంధాల లెక్క ఊళ్ళో తెలిస్తే తరవాత వచ్చేవారు కూడా వెనకాడతారు. ఫుట్‌బాల్‌లో ఆ గుట్టు లేదు. ఎవరితో మాట్లాడారు, ఎవరు కాదన్నారు, ఎందుకు కాదన్నారు అన్నదంతా తెల్లవారేసరికి పత్రికల్లో ఉంటుంది. మొదట వినిపించిన పేరు జర్మనీలో లైప్‌సిగ్ జట్టును నడుపుతున్న యూలియన్ నాగెల్స్‌మన్. ఏప్రిల్ 27న బయెర్న్ మ్యూనిక్ అతన్ని ఎగరేసుకుపోయింది, అదీ ఒక శిక్షకుడి కోసం అప్పటివరకు ఎవరూ చెల్లించనంత పరిహారంతో అని పత్రికలు రాశాయి. పరిహారం అంటే ఒప్పందం మధ్యలో ఉన్న మేనేజర్‌ను విడిపించుకోవడానికి పాత క్లబ్‌కు కట్టే సొమ్ము. రెండో పేరు అయాక్స్ శిక్షకుడు ఎరిక్ టెన్ హాగ్. అతను ఏప్రిల్ 30న తన క్లబ్‌తోనే ఒప్పందం పొడిగించుకున్నాడు. లెస్టర్‌లో ఉన్న బ్రెండన్ రోజర్స్ కదలలేదు. మే నెల చివరలో మరింత గుండెకోత పెట్టే కబురు వచ్చింది. పద్ధెనిమిది నెలల కిందట వెళ్ళగొట్టిన పొచెటీనోనే, అతను అప్పుడు నడుపుతున్న పారిస్ జట్టు నుంచి వెనక్కి పిలిచే ప్రయత్నం జరుగుతోందని పత్రికలు రాశాయి. విడాకులిచ్చిన ఇంటికే మళ్ళీ కబురంపడం చూసి నవ్వుకోవాలో సంతోషించాలో తెలియని అభిమానులు, నిజానికి ఎక్కువమంది సంతోషించారు. పారిస్ అతన్ని వదలలేదు.

జూన్ మొదట్లో, ఇటలీ లీగ్ టైటిల్ గెలిచి ఇంటర్ మిలాన్ నుంచి అప్పుడే తప్పుకున్న ఆంటోనియో కాంటేతో సంప్రదింపులు మొదలై, మూడు నాలుగు రోజుల్లో తెగిపోయాయి. ఇంటర్‌తో తెగిన బంధం ఇంకా పచ్చిగానే ఉన్నందువల్ల అప్పుడు సిద్ధంగా లేనని తరవాత అతను వివరణ ఇచ్చాడు. కాని జూన్‌లో ఆ మాట బయటికి రాలేదు, తమ క్లబ్‌కు అంత పెద్దవాణ్ణి తెచ్చుకునే స్తోమతు, ఆశయం రెండూ లేవన్న నిర్ధారణకే అభిమానులు వచ్చారు. ఆ తరవాత పావులో ఫోన్సెకా. ఈ పేరులోని వింత గమనించదగ్గది: రోమా క్లబ్ మే 4న ఫోన్సెకా స్థానంలో ప్రకటించిన మనిషి టోటెన్‌హామ్ పంపించివేసిన మొరీన్యోయే. అంటే ఒకరు వద్దనుకున్నవారిని మరొకరు మార్చుకునే దశకు వ్యవహారం వచ్చింది. ఫోన్సెకాతో దాదాపు అంతా ఖాయమైన సమయంలో క్లబ్‌కు కొత్త ఫుట్‌బాల్ డైరెక్టర్‌గా ఫాబియో పారాతిచి వచ్చాడు. ఆటగాళ్ళ కొనుగోళ్ళు, శిక్షకుల ఎంపిక చూసే అధికారిని ఫుట్‌బాల్ డైరెక్టర్ అంటారు. ఒకప్పుడు మేనేజర్ చేతిలోనే ఉన్న ఈ పనులు ఇప్పుడు చాలా క్లబ్‌లలో ఈ అధికారి చేతికి మారాయి. డైరెక్టర్ రాకతో అభిప్రాయాలు కలవలేదని, ఆయన వేరే శిక్షకుణ్ణి కోరుకున్నాడని ఫోన్సెకాయే తరవాత చెప్పాడు.

జూన్ 17వ తేదీని టోటెన్‌హామ్ అభిమానులు ఇప్పటికీ మరచిపోలేదు. ఆ ఒక్క రోజులోనే ఫోన్సెకాతో చర్చలు ముగిసిపోవడం, కొత్త ఉద్యోగంలో ఇంకా అడుగైనా పెట్టకుండానే ఫియొరెంటీనా నుంచి బయటికి వచ్చిన జెనారో గట్టూజోతో మాటలు మొదలవడం, గట్టూజో గతంలో మహిళల గురించి, స్వలింగ వివాహాల గురించి చేసిన వ్యాఖ్యలను వెలికితీసి అభిమానులు సామాజిక మాధ్యమాల్లో నిరసన ఉద్యమం నడపడం, అభిమానుల సంఘం తన ఆందోళనను క్లబ్ పాలకవర్గానికి తెలియజేయడం, ఆ ఆలోచనను క్లబ్ విరమించుకోవడం జరిగిపోయాయి. అన్వేషణ మొత్తంలో అభిమానుల మాట చెల్లిన ఘట్టం ఇదొక్కటే. అదీ ఎవరు రావాలో చెప్పి కాదు, ఎవరు రాకూడదో చెప్పి. సెవియా జట్టును నడిపే హులెన్ లోపెతెగీ కూడా నిరాకరించాడని ఆ తరవాత తెలిసింది.

ఈ వరసలో ప్రతి నిరాకరణా అభిమానికి ఎందుకంత గట్టిగా తగులుతుందన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం. కొత్త మేనేజర్ ఎవరో తెలియకపోవడం వల్ల కలిగే ఆందోళన పైకి కనిపించేది మాత్రమే. అసలు బాధ, తన క్లబ్ లోకం దృష్టిలో ఏ మెట్టు మీద ఉందో ఒక్కొక్క ‘కాదు’తో తెలిసిరావడం. మైదానంలో పట్టిక చూపించే స్థానాన్ని అభిమాని గాయాల మీదకో, రిఫరీ మీదకో, దురదృష్టం మీదకో నెట్టుకోగలడు. అనుభవజ్ఞుడైన ఒక శిక్షకుడు క్లబ్ జమాఖర్చులు, ఆటగాళ్ళ జాబితా, యజమానుల ధోరణి అన్నీ తరచి చూసి వద్దన్నాడంటే దాన్ని నెట్టుకోవడానికి చోటు లేదు. గొప్ప స్టేడియం, వందేళ్ళు దాటిన చరిత్ర, ధ్యేయవాక్యం అన్నీ ఉన్న క్లబ్, బయటివాడి కంటికి ఏడో స్థానంలో ఉన్న ఒక ఉద్యోగ ప్రకటనగా కనిపిస్తోందన్న సంగతి అభిమాని మింగలేడు, కక్కలేడు.

ఈ బాధను వ్యాపారంగా మలచుకున్న రంగాలు కూడా ఉన్నాయి. పందెం సంస్థలు తరవాతి మేనేజర్ ఎవరన్న విషయం మీద పందేలు కట్టించుకుంటాయి. ఎవరి మీద ఎక్కువ సొమ్ము పడితే అతని మీద ఇచ్చే లాభం తగ్గుతుంది, దాన్నే అభిమానులు ‘ధర పడిపోయింది’ అని చెప్పుకుంటూ నియామకం ఖాయమైందనడానికి సాక్ష్యంగా భావిస్తారు. ఇటువంటి పందేలకు వచ్చే సొమ్ము తక్కువే కాబట్టి నలుగురైదుగురు గట్టిగా కాస్తే చాలు ధర కదులుతుంది, ఆ కదలిక వార్త అవుతుంది, ఆ వార్త చూసి ఇంకొందరు కాస్తారు. ప్రైవేటు విమానాల రాకపోకలను చూపించే వెబ్‌సైట్లలో మిలాన్ నుంచి లండన్‌కు వచ్చే ఏ చిన్న విమానం కనిపించినా అందులో తమ మేనేజర్ ఉన్నాడని నమ్మేవారు ఉన్నారు. బదిలీ వార్తలకే అంకితమైన ఇటలీ పాత్రికేయుడు ఫాబ్రీసియో రొమానో ఏం రాశాడో చూడకుండా నిద్రపోని అభిమానులు లండన్‌లోనే కాదు, ఆ ఆటలను అర్ధరాత్రిళ్ళు టీవీలో చూసే హైదరాబాద్, విశాఖపట్నాల్లోనూ ఉన్నారు. పుకారు అబద్ధమని తెలిసినా చదవక మానకపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి.

అంత బాధపడే బదులు క్లబ్ మార్చుకోవచ్చు కదా అన్న ప్రశ్న ఆట తెలియనివారికి సహజంగా వస్తుంది. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే అర్థశాస్త్రవేత్త 1970లో వెలువరించిన ఒక ప్రసిద్ధ గ్రంథంలో, ఒక సంస్థ నాణ్యత పడిపోయినప్పుడు దానితో సంబంధం ఉన్నవారి ముందు రెండు దారులు ఉంటాయని వివరించాడు: ఒకటి నిష్క్రమణ, అంటే వదిలి వేరేచోటికి పోవడం, రెండోది గళం, అంటే ఉండి అడగడం, ఎవరు ఏ దారి పట్టేదీ సంస్థ పట్ల వారికున్న విధేయతను బట్టి మారుతుందన్నాడు. సబ్బు నచ్చకపోతే ఇంకో సబ్బు కొంటారు. టోటెన్‌హామ్ నచ్చకపోతే నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆర్సెనల్‌కు అభిమాని మారడం అనేది ఆ వీధుల్లో ఊహకు కూడా అందని సంగతి. నిష్క్రమణ మూసుకుపోయిన చోట గళమే మిగలాలి. 2021లో కరోనా కారణంగా గ్యాలరీలు చాలాకాలం ఖాళీగా ఉన్నాయి. మే 19న ఆస్టన్ విల్లాతో జరిగిన ఆటకు పదివేల మందిని అనుమతించేసరికి సీజన్ ముగింపుకు వచ్చింది. అంటే అభిమాని గొంతు మైదానంలో వినిపించే వీలు కూడా లేని కాలంలో ఈ అన్వేషణ జరిగింది.

ఆ మే 19 ఆటకు ముద్రించిన పుస్తికలోనే క్లబ్ చైర్మన్ డేనియెల్ లీవీ ఒక సందేశం రాశాడు. 2001 నుంచి 2025 దాకా క్లబ్‌ను నడిపిన ఆయన, కొత్తగా వచ్చేవారి విలువలు క్లబ్ విలువలకు తగినట్లు ఉండాలని, ధారాళంగా సాగే దాడి ఆటకు, చూసేవారిని రంజింపజేసే ఆటకు క్లబ్‌ను తిరిగి తీసుకువెళ్ళేవారు కావాలని, అకాడమీ పిల్లలకు అవకాశం ఇచ్చేవారు కావాలని అందులో పేర్కొన్నాడు. ఇది అభిమానుల మనసులో ఉన్నమాటే. అందుకే దాన్ని క్లబ్ ఇచ్చిన వాగ్దానంగా తీసుకున్నారు. యజమాని రాసిన ఇటువంటి ప్రకటన ఏదైనా, తరవాత వచ్చే మేనేజర్ మెడకు ముందే కట్టిన గుదిబండ అవుతుందని ఆనాడు ఎవరికీ తోచలేదు.

చివరికి జూన్ 30న, 72వ రోజున, నూనో ఎస్పిరితో సాంతో నియామకాన్ని ప్రకటించారు. వుల్వర్‌హాంప్టన్ జట్టును రెండో శ్రేణి నుంచి ప్రీమియర్ లీగ్‌కు తెచ్చి, వరసగా రెండుసార్లు ఏడో స్థానంలో నిలిపిన సమర్థుడతను. ఆ వేసవిలో క్రిస్టల్ ప్యాలెస్ అతనితో మాట్లాడి కుదరక విరమించుకుంది. వ్యక్తిగా అతని మీద ఎవరికీ అభ్యంతరం లేదు. కాని అతని పద్ధతి, వెనక గట్టిగా నిలబడి ప్రత్యర్థి తప్పు కోసం కాచుకుని ఒక్కసారిగా ఎదురుదాడికి దిగడం. చైర్మన్ రాసిన దాడి ఆటకు ఇది ఆమడ దూరం. పైగా అతనికంటే ముందు ఎంతమందిని అడిగారో లోకమంతటికీ తెలుసు. ఎన్నో సంబంధాలు తప్పిపోయాక కుదిరిన పెళ్ళికొడుకును అత్తవారి ఊరు ఏ కళ్ళతో చూస్తుందో అతన్ని అలాగే చూశారు. తప్పు అతనిది కాదు. ఏ మేనేజర్‌కైనా ఓటములు వస్తాయి. మొదటి ఎంపికగా వచ్చినవాడికి అభిమాని ఇచ్చే గడువు, ఎందరి తరవాతో వచ్చినవాడికి ఇవ్వడు. అన్వేషణ సాగినకొద్దీ ఖర్చయిపోయేది ఆ ఓర్పే.

ఆగస్టు 15న తొలి ఆటలో టోటెన్‌హామ్ నాటి ఛాంపియన్ మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించింది. ఆపై వుల్వర్‌హాంప్టన్ మీద, వాట్‌ఫర్డ్ మీద కూడా అదే స్కోరుతో గెలిచి, నెలాఖరుకు పట్టికలో అగ్రస్థానాన నిలిచింది. ఆగస్టు నెల ఉత్తమ మేనేజర్ పురస్కారం నూనోకు దక్కింది. సెప్టెంబరులో మూడు లీగ్ ఆటల్లోనూ మూడేసి గోల్స్ ఇచ్చుకుని ఓడింది, అందులో మూడోది ఆర్సెనల్ చేతిలో. అక్టోబరు 30న సొంత మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 3-0తో ఓడిన ఆటలో, చురుగ్గా ఆడుతున్న లూకస్ మౌరాను నూనో దించివేయగానే స్టేడియం అంతా ఛీత్కరించింది. ఏడాదిన్నర మూగబోయిన గ్యాలరీకి గొంతు తిరిగొచ్చాక అది మొట్టమొదట ఎవరి మీద పడిందో చూస్తే జాలి కలుగుతుంది. నవంబరు 1న అతన్ని తొలగించారు. పది లీగ్ ఆటలు ఆడితే అయిదు గెలిచి అయిదు ఓడిన మేనేజర్ అతను. మరునాడే కాంటే వచ్చాడు, జూన్‌లో కాదన్న ఆ కాంటేయే.

ఇప్పుడు ముందు వాయిదా వేసిన ప్రశ్న దగ్గరికి రావచ్చు. మేనేజర్ మారితే జట్టు నిజంగా మారుతుందా? నెదర్లాండ్స్‌కు చెందిన ఆర్థికవేత్త బాస్ టెర్ వేల్, ఆ దేశపు లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన మార్పులను పరిశీలించి 2011లో ఒక వ్యాసం ప్రచురించాడు. వరస ఓటముల తరవాత మేనేజర్‌ను మార్చిన జట్లను, అదే తీరులో ఓడిపోతూ కూడా మార్చని జట్లతో పోల్చి చూశాడు. రెండు రకాల జట్లూ దాదాపు ఒకే విధంగా కోలుకున్నాయని తేలింది. కొత్తవాడి మహిమగా కనిపించేది, చెడ్డ రోజులు ఎల్లకాలం ఉండవన్న సాధారణ సత్యమే అన్నమాట. సైమన్ కూపర్, స్టెఫాన్ షిమాన్‌స్కీ కలిసి 2009లో రాసిన సాకర్‌నామిక్స్ గ్రంథం ఇంకా కటువైన మాట చెబుతుంది: కొన్నేళ్ళ సగటు తీసి చూస్తే ఇంగ్లిష్ క్లబ్‌ల స్థానాలను దాదాపుగా నిర్ణయించేది ఆటగాళ్ళకు ఇచ్చే జీతాల మొత్తమేనని, ఆ లెక్కను మించి ఫలితం తెచ్చే మేనేజర్లు వేళ్ళ మీద లెక్కించదగ్గవారని.

ఈ లెక్కలు అభిమానికి తెలియక కాదు. నేటి అభిమాని గణాంకాలు బాగానే చదువుతాడు. అయినా ఊరట కలగదు, ఎందుకంటే యజమానిని మార్చడం అతని చేతిలో లేదు, ఇరవై అయిదు మంది ఆటగాళ్ళను ఒక్క వేసవిలో మార్చడం ఎవరి చేతిలోనూ లేదు, రాత్రికి రాత్రి మారగలిగింది మేనేజర్ ఒక్కడే. మార్పు అన్న ఆశకు మనిషి రూపం అతనే. మాంచెస్టర్ యునైటెడ్‌ను 1986 నవంబరు నుంచి ఇరవై ఆరేళ్ళకు పైగా నడిపి పదమూడు లీగ్ టైటిళ్ళు గెలిపించిన ఆలెక్స్ ఫెర్గుసన్ 2013 మే 8న విరమణ ప్రకటిస్తే, మరునాడే డేవిడ్ మోయెస్ పేరు వెలువడింది. అక్కడ ఆదుర్దా పడే వ్యవధి కూడా దొరకలేదు, అయినా ఆరేళ్ళ ఒప్పందంతో వచ్చిన మోయెస్ పదినెలలు నిండేసరికి వెళ్ళిపోయాడు. మరోవైపు లివర్‌పూల్‌లో 2024 జనవరి 26న యుర్గెన్ క్లాప్ తన నిష్క్రమణ ప్రకటించాక అభిమానులు మనసు పెట్టుకున్న షాబీ అలోన్సో తన జర్మన్ క్లబ్‌లోనే ఉంటానని చెప్పాడు. రెండో మాటగా వచ్చిన ఆర్నె స్లాట్ మొదటి సీజన్‌లోనే లీగ్ టైటిల్ తెచ్చాడు. ఆ స్లాట్‌ను అంతకు ఏడాది ముందు కోరుకుని పొందలేకపోయిన క్లబ్ ఏదంటే, మళ్ళీ టోటెన్‌హామే. త్వరగా కుదిరితే మంచిదనీ, ఆలస్యమైతే చెడ్డదనీ, మొదటి ఎంపికే ఉత్తమమనీ చెప్పడానికి ఈ ఉదాహరణల్లో ఏ ఆధారమూ లేదు.

కాంటే 2023 మార్చిలో క్లబ్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. హారీ కేన్ ఆ ఆగస్టులో బయెర్న్ మ్యూనిక్‌కు వెళ్ళాడు. ఆ తరవాత మేనేజర్‌గా వచ్చిన ఆంజ్ పోస్టెకోగ్లూ 2025 మే 21న బిల్బావోలో యూరోపా లీగ్ గెలిచి, పదిహేడేళ్ళ తరవాత టోటెన్‌హామ్‌కు తొలి కప్పు తెచ్చిపెట్టాడు. లీగ్‌లో జట్టు పదిహేడో స్థానానికి దిగజారినందుకు సరిగ్గా పదహారు రోజులకు అతన్నీ తొలగించారు. అదే 2024-25 సీజన్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అనే జట్టు లీగ్‌లో ఏడో స్థానం సంపాదించింది, టోటెన్‌హామ్‌ను డిసెంబరు 26న తన మైదానంలో 1-0తోనూ, ఏప్రిల్ 21న టోటెన్‌హామ్ సొంత స్టేడియంలో 2-1తోనూ ఓడించింది. అప్పుడు ఆ జట్టు మేనేజర్ పేరు నూనో ఎస్పిరితో సాంతో.